కవిలెకట్ట మొదలు కంప్యూటరు పుట వఱకు

ప్రాచీన గ్రంథములు, శాసనములు, గ్రామచరిత్రలు, జానపద గేయములు మున్నగునవి ఒక జాతికి సాంస్కృతిక సంపద. ఈ సంపదను డిజిటల్ సాధనములతో భద్రపఱచి, జనుల సహకారముతో అందఱకు అందుబాటులోనికి తెచ్చు యత్నము నేడు లోకమంతట విరివిగా సాగుచున్నది. దీనిని గూర్చి వ్రాయువారు తఱచుగా రెండు విషయములను కొత్తవిగా పేర్కొనుచున్నారు. మొదటిది యంత్రము, రెండవది ఆ పనిలో సామాన్యజనులు పాల్గొనుట. యంత్రము కొత్తదనుటలో వివాదము లేదు. కాని జనులు పాల్గొనుట కొత్త యనుట చరిత్రకు సరిపడదు. తెలుగునాట గ్రంథసంపదను, స్థానిక చరిత్రలను కూర్చిన పెద్ద ప్రయత్నములు పెక్కు జనుల చేతి మీదుగానే నడచినవి. అట్లయినచో డిజిటల్ పద్ధతిలో నిజముగా కొత్తదైన అంశమేది? దానిని మనము, ముఖ్యముగా విశ్వవిద్యాలయములందలి తెలుగు శాఖలవారము, ఎట్లు ఉపయోగించుకొనవలెను? ఈ రెండు ప్రశ్నలకు సమాధానము వెదకుటయే ఈ వ్యాసమున మా ఉద్దేశము. అందులకై మెకంజీ కైఫియత్తులను, బ్రౌను గ్రంథసేకరణమును, గోలకొండ కవుల సంచికను, నేటి తెలుగు వికీసోర్స్‌ను కాలక్రమమున పరిశీలింతుము.

1. కైఫియత్తులు

కల్నల్ కాలిన్ మెకంజీ (1754–1821) స్కాట్లండు దేశీయుడు. ఈయన 1783లో ఈస్టిండియా కంపెనీ కొలువున మన దేశమునకు వచ్చి, క్రమముగా ఉన్నత పదవులను పొంది, 1815లో భారతదేశ సర్వేయరు జనరలు అయ్యెను. భూమిని కొలుచుట ఆయన ఉద్యోగమైనను, ఆ భూమి పూర్వచరిత్రను తెలిసికొనుటయందు ఆయనకు ఎక్కువ ఆసక్తి యుండెను. కాని దేశభాషలు ఆయనకు రావు. ఈ కొఱతను తీర్చినవారు కావలి సోదరులు. వారిలో వెంకట బొర్రయ్య 1796లో మెకంజీ వద్ద కొలువున చేరి, 1803లో చిన్న వయస్సుననే మరణించెను. ఆయన తమ్ముడు వెంకట లక్ష్మయ్య ఆ పనిని చేపట్టి, మెకంజీ జీవించియున్నంత కాలము నడపెను. మఱియొక సోదరుడు వెంకట రామస్వామి దక్కను కవుల చరిత్రలను ఆంగ్లమున వ్రాసి 1829లో కలకత్తాలో ప్రకటించెను.

ఈ సోదరుల క్రింద నారాయణరావు, ఆనందరావు మున్నగు పలువురు గుమాస్తాలు ఊరూర తిరిగిరి. వారు పోయిన ప్రతి గ్రామమునను కరణములను, ఆలయార్చకులను, పెద్దలను కలిసికొని, ఊరికి ఆ పేరు ఎట్లు వచ్చినది, దానిని ఎవరు కట్టించిరి, ఏ రాజులు ఏ మాన్యములిచ్చిరి, చెఱువులు, దేవాలయములు ఎవరి కాలమువి యని విచారించిరి. కరణముల ఇండ్లలో తరతరములుగా వ్రాసియుంచిన కవిలెలకు నకళ్లు తీసికొనిరి. ఆలయములలోని శాసనములను ఎత్తివ్రాసికొనిరి. ఇట్లు కూర్చిన గ్రామవృత్తాంతములకే కైఫియత్తులని పేరు. మెకంజీ మరణించిన పిదప హెచ్.హెచ్. విల్సన్ 1828లో ప్రకటించిన సూచికను బట్టి ఈ భాండారమున 1,568 వ్రాతప్రతులు, 2,070 స్థానిక చరిత్రలు, 8,076 శాసన ప్రతులు ఉండెను. ఒక సర్వేయరు, కొందఱు గుమాస్తాలు మాత్రమే కూర్చగలిగిన రాశి కాదిది. వేలకొలది గ్రామస్థులు నోరు విప్పినందుననే, తమ కవిలెకట్టలు విప్పినందుననే ఇది సాధ్యమైనది. కావున ఇది జనులు పాల్గొన్న ఉద్యమమే.

అయినను ఈ కృషి యందు రెండు లోపములు కనబడుచున్నవి. మొదటిది, సామగ్రి పోయిన దిక్కు. గ్రామమున పుట్టిన వృత్తాంతము మదరాసుకు, కలకత్తాకు, కొంత లండనుకు పోయినది. దానిని చెప్పిన గ్రామమునకు ప్రతి ఏదియు తిరిగి రాలేదు. తరువాతి కాలమున కవిలెలు చెదలుపట్టి నశించిన ఊళ్లలో ఆ ఊరి చరిత్ర ఆ ఊరివారికే తెలియని స్థితి ఏర్పడెను. మదరాసులో 1869లో ఏర్పడిన ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారము ఈ సామగ్రిలో తెలుగు భాగమును కాపాడినది. కాని సామాన్య పాఠకునకు అది చాల కాలము దూరముననే యుండెను. కడపలోని సి.పి. బ్రౌను భాషాపరిశోధన కేంద్రము ఆ జిల్లా కైఫియత్తులను సంపుటములుగా అచ్చువేయించుట ఈ దిక్కును మరల్చిన పని యని చెప్పదగును.

రెండవ లోపము మఱింత ముఖ్యమైనది. అది పేర్ల విషయము. సేకరించిన గుమాస్తాల నివేదికలు కొన్ని మిగిలినందున వారి పేర్లు మనకు తెలియుచున్నవి. కాని వృత్తాంతమును చెప్పినవాని పేరు పెక్కు కైఫియత్తులలో కానరాదు. దీనిని కేవలము కృతజ్ఞతకు సంబంధించిన లోపమని భావింపరాదు. ఇది ప్రమాణవిచారమునకు సంబంధించిన లోపము. గ్రామకరణము చరిత్రను నిష్పక్షపాతముగా చెప్పుటకు పూనుకొన్న పండితుడు కాడు. మాన్యముల మీదను, మిరాశీ హక్కుల మీదను అతనికి స్వప్రయోజనము కలదు. తన వంశమునకు అనుకూలమైన కథను అతడు ముందుంచుట సహజము. చెప్పినవాడెవడో తెలిసినచో అతని మాటను ఎంతవఱకు నమ్మవచ్చునో నిర్ణయింపగలము. తెలియనిచో ప్రతి వాక్యమును శాసనములతో సరిచూచుట తప్ప వేఱు మార్గము లేదు. కైఫియత్తులను వాడుకొను చరిత్రకారులు నేటికిని ఈ కష్టమును అనుభవించుచునే యున్నారు.

ఈ సందర్భమున లక్ష్మయ్య కథను స్మరింపవలసియున్నది. మెకంజీ మరణానంతరము ఆగిపోయిన సేకరణమును తాను కొనసాగింతునని లక్ష్మయ్య ప్రభుత్వమును కోరెను. ఆ విజ్ఞప్తి బెంగాలు ఏషియాటిక్ సొసైటీ అభిప్రాయమునకు వెళ్లినది. 1836లో ఆ సొసైటీ కార్యదర్శి జేమ్స్ ప్రిన్సెప్, అట్టి విమర్శనాత్మకమైన పనికి లక్ష్మయ్యయే గాక దేశీయుడెవ్వడును తగడను అభిప్రాయమును తెల్పెను. ఆ పని తుదకు విలియం టెయిలర్ అను మతాచార్యునకు దక్కినది. ఇరువది యేండ్లకు పైగా ఆ సామగ్రిని తన చేతులతో కూర్చినవానికే దానిని వివరించు అధికారము లేకపోయెను. జనుల చేత పని చేయించుకొనుట వేఱు, జనులను ఆ పనిలో భాగస్వాములుగా అంగీకరించుట వేఱు. ఈ భేదమును మనస్సున నుంచుకొని ముందునకు పోదము.

2. బ్రౌను పద్ధతి

ఛార్లెస్ ఫిలిప్ బ్రౌను (1798–1884) 1820లో కడపకు ఉద్యోగిగా వచ్చి తెలుగు నేర్చుకొనెను. వేమన పద్యములను సేకరించి, ఆంగ్లానువాదముతో 1829లో ప్రకటించెను. తరువాత కావ్యములను, ప్రబంధములను, శతకములను వెదకి తెప్పించి, పండితులకు తన సొంత ధనమునుండి జీతములిచ్చి ప్రతులు వ్రాయించెను. తెలుగు–ఇంగ్లీషు నిఘంటువును 1852లో వెలువరించెను. మెకంజీ సేకరించిన స్థానిక చరిత్రలకు నూతన ప్రతులు వ్రాయించి శిథిలము కాకుండ కాపాడిన ఉపకారియు ఈయనయే.

మన ప్రస్తుత విషయమునకు ముఖ్యమైనది బ్రౌను పాఠపరిష్కరణ పద్ధతి. ఒక గ్రంథమునకు ఒక్క ప్రతి దొరికినంత మాత్రమున ఆయన తృప్తి పడలేదు. వేఱువేఱు ఊళ్లనుండి పలు ప్రతులను తెప్పించి, వానిని పండితుల చేత పద్యము పద్యముగా పోల్పించి, పాఠాంతరములను గుర్తింపజేసెను. తాటాకు మీది వ్రాతలో లేఖకుడు చేయు తప్పులు మఱియొక ఊరి ప్రతిలో దిద్దబడియుండవచ్చును. ఒకరి కన్ను జాఱవిడిచినదానిని మఱియొకరి కన్ను పట్టుకొనును. ఇది పెక్కు చేతులు కలిసినచో పాఠము శుద్ధమగునను సూత్రము. నేటి డిజిటల్ గ్రంథాలయములలో ఒకని పనిని మఱియొకడు సరిచూచు పద్ధతికి ఇదియే పూర్వరూపమని మా అభిప్రాయము. అయితే బ్రౌను పద్ధతియందు నిర్ణయించువాడు ఒక్కడే. పండితులు జీతమునకు పనిచేసిరి. ఎవరు ఏ పాఠమును ఏ కారణమున గ్రహించిరో, ఏ పాఠమును త్రోసివేసిరో తెలిసికొనుటకు చాలచోట్ల ఆధారము మిగులలేదు.

3. గోలకొండ కవుల సంచిక

మూడవ ఉదాహరణము హైదరాబాదు సంస్థానమునకు చెందినది. నిజాము రాష్ట్రమున చెప్పుకొనదగిన తెలుగు కవులే లేరను అభిప్రాయము పత్రికాముఖమున వెలువడగా, సురవరం ప్రతాపరెడ్డి (1896–1953) దానికి వాదముతో గాక సామగ్రితో సమాధానము చెప్పదలచెను. 1926లో ఆరంభమైన గోలకొండ పత్రికకు ఆయన సంపాదకుడు. ఆ పత్రిక ద్వారా రాష్ట్రమందలి కవులను తమ పద్యములను, వివరములను పంపుడని కోరెను. ఫలితముగా 1934లో వెలువడిన గోలకొండ కవుల సంచికలో 354 మంది కవుల రచనలు చోటు చేసికొన్నవి. స్త్రీలును, పలు కులములకు వృత్తులకు చెందినవారును అందున్నారు.

మెకంజీ పద్ధతికిని దీనికిని గల భేదమును గమనింపుడు. మెకంజీ మనుష్యులను ఊళ్లకు పంపెను. ఇచ్చట ఊళ్లే సంపాదకునకు వ్రాసినవి. అచ్చట ఇచ్చినవాడు అజ్ఞాతుడు; ఇచ్చట ప్రతి కవియు తన పేరుతో, తన ఊరితో నిలిచియున్నాడు. అచ్చట సామగ్రి దూరనగరముల భాండాగారములకు పోయినది. ఇచ్చట అచ్చుపుస్తకమై ఆ ప్రాంతపు పాఠకులకే చేరినది. ఒక ప్రాంతము యొక్క గౌరవము పణమైనప్పుడు, పేరు చెప్పుకొనుటయే ఆ వాదమున ప్రధాన ప్రమాణమైనది. 354 పేర్లను ఒక్కచోట చూచిన పిదప కవులు లేరను మాటకు చోటు లేకపోయెను. సంస్థానమున సాహిత్యాభిమానులు ఈ కాలముననే శాసనములను సయితము సేకరించుచుండిరి. వారి కృషి ఫలితముగా 1935లో తెలంగాణా శాసనములు అను గ్రంథము మొదటి సంపుటము వెలువడినది. ప్రభుత్వశాఖల అండ స్వల్పమైన కాలమున ఈ పని చేసినవారు ఉపాధ్యాయులు, వకీళ్లు, గ్రామాధికారులు.

గోలకొండ సంచికకు గల పరిమితియు చెప్పవలెను. అచ్చయిన పుస్తకమున తప్పు దొరలినచో దానిని దిద్దుటకు రెండవ ముద్రణము వఱకు ఆగవలెను. సంచిక వెలువడిన మఱునాడు మఱియొక కవి వ్రాతప్రతి దొరికినచో దానికి చోటు లేదు. జనుల ఉత్సాహము ఒక్క గ్రంథముతో ముగిసిపోవును. ఈ పరిమితిని దాటుటకు అచ్చుయంత్రము చాలదు.

4. అక్షరమునకు సంఖ్య, పుటకు చరిత్ర

ఇక డిజిటల్ యుగమునకు వచ్చెదము. కంప్యూటరు అక్షరములను సంఖ్యలుగా నిలుపుకొనును. ఏ అక్షరమునకు ఏ సంఖ్య యను విషయమున అందఱును ఏకాభిప్రాయమునకు రానిచో ఒక యంత్రమున వ్రాసినది మఱియొక యంత్రమున చదువుటకు వీలుపడదు. చాలకాలము తెలుగున ఇదియే స్థితి. ఒక్కొక్క పత్రికకు, ఒక్కొక్క ముద్రాలయమునకు వేఱువేఱు అక్షరసంకేతములు ఉండెను. 1991లో వెలువడిన యూనికోడ్ ప్రమాణము తెలుగు లిపికి 128 స్థానములను కేటాయించినది. దానిని యంత్రములన్నియు క్రమముగా అంగీకరించిన పిదపనే తెలుగు పాఠము ఎల్లెడల వెదకుటకు, పంచుకొనుటకు అనువైనది.

ఆ ప్రమాణమున ఆరంభమున లేని అక్షరములు తరువాత ఒక్కొక్కటిగా చేరుట భాషాచరిత్ర విద్యార్థులు గమనింపదగిన విషయము. దంత్య చ, జలను సూచించు ౘ, ౙలు 2008లో చేరినవి. ప్రాచీన శాసనములలో చోళ శబ్దమున కానవచ్చు ళకారభేదము 2014లోను, తొలి శాసనములందలి దంతమూలీయాక్షరము 2015లోను, నకారపొల్లు 2021లోను స్థానము పొందినవి. కడప జిల్లా కలమళ్లలోని రేనాటి చోళుల శాసనము ఆఱవ శతాబ్దినాటిది; తెలుగున లభించిన తొలి శాసనములలో ఒకటి. అట్టి శాసనముల పాఠమును ఉన్నదున్నట్లుగా కంప్యూటరున వ్రాయుటకు వలసిన అక్షరములు మనకు ఈ శతాబ్దిలోనే సమకూడినవి. ఈ చేర్పులు తమంతట తాము రాలేదు. లిపిచరిత్ర తెలిసినవారు ఆధారములతో ప్రతిపాదనలు పంపగా వచ్చినవి. సాధనమును సయితము జనులే తీర్చిదిద్దుకొనవలెననుటకు ఇది తార్కాణము.

గ్రంథముల విషయమున మొదటి పెద్ద ప్రయత్నము డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. చిత్తూరు జిల్లా కాటూరున జన్మించి అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడైన రాజ్ రెడ్డి తలపెట్టిన పది లక్షల గ్రంథముల పథకములో ఇది భాగము. ఈ శతాబ్ది తొలి దశకమున బెంగుళూరు, హైదరాబాదు మున్నగు నగరముల విద్యాసంస్థలు ఇందు పాల్గొనగా వేలకొలది తెలుగు పుస్తకములు స్కాను చేయబడినవి. దుర్లభములైన గ్రంథములు పెక్కు ఇందువలన కాలగర్భమున కలియకుండ నిలిచినవి. కాని సూచికలో గ్రంథనామములు రోమను లిపిలో, చాలచోట్ల గుర్తింపరాని తప్పులతో ఉండుటచే, ఉన్న పుస్తకమే దొరకని స్థితి ఏర్పడెను. పైగా అవి పుటల బొమ్మలు మాత్రమే. వెదకుటకు వీలైన పాఠములు కావు. కొంతకాలమునకు ఆ స్థలము పాఠకులకు అందుబాటులో లేకుండ పోగా, ఆ ప్రతులను ముందుగానే ఇంటర్నెట్ ఆర్కైవ్‌న చేర్చినవారి వలన అవి మనకు మిగిలినవి. ఒకే చోట ఉన్నది తాటాకైనను కంప్యూటరు ప్రతియైనను దాని ప్రమాదము ఒకటే యని ఈ అనుభవము చెప్పుచున్నది.

బొమ్మను పాఠముగా మార్చు పని తెలుగు వికీసోర్స్‌న జరుగుచున్నది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో ఆరంభము కాగా, గ్రంథములకై ప్రత్యేకించిన వికీసోర్స్ 2005లో మొదలైనది. మన దేశపు చట్టమును బట్టి గ్రంథకర్త మరణించిన సంవత్సరము గడచిన పిదప 60 ఏండ్లకు ఆతని గ్రంథముల మీది హక్కు ముగియును. 1992లో చట్టమును సవరింపకముందు ఈ గడువు 50 ఏండ్లే. కావున సురవరం వారు స్వయముగా రచించిన గ్రంథములు 2014 జనవరి మొదలు ఎల్లరకు స్వేచ్ఛగా లభించినవి. ఇట్టి గ్రంథముల పుటలను అచ్చట ఎవరైనను సరిదిద్దవచ్చును. తెఱమీద ఒక ప్రక్క స్కాను చేసిన పుట, మఱియొక ప్రక్క దాని పాఠము ఉండును. యంత్రము చదివి ఇచ్చిన పాఠమును మొదటి పాఠకుడు సరిదిద్ది పసుపు గుర్తును పెట్టును. వేఱొక పాఠకుడు మరల సరిచూచిన పిదపనే అది ఆకుపచ్చ గుర్తును పొందును. మొదటివాడు తన పనికి తానే ఆకుపచ్చ గుర్తును ఇచ్చుకొనరాదు.

యంత్రము చదివినదానిని మనుష్యుడు చూడనక్కఱ లేదా యని కొందఱకు సందేహము కలుగవచ్చును. యంత్రమునకు అర్థము, అర్ధము అను రెండు పదములు దాదాపు ఒకటే. చిన్న చుక్క జాఱినచో ఒకటి మఱియొకటి యగును. అరసున్న పోయినచో సంవత్సరమను అర్థముగల ఏఁడు ఏడు సంఖ్యగా మాఱును. శకటరేఫము సాధురేఫమైనచో జీర్ణమగుటను తెల్పు అఱుగు, పోవుటను తెల్పు అరుగు ఒకటైపోవును. ఇట్టి తప్పులతో నిండిన పాఠము వ్యాపించినచో అది లేని పాఠముకంటె హెచ్చు కీడు చేయును. ఏలయన లేనిదానిని వెదకుదుము, ఉన్నదానిని నమ్ముదుము.

ఇచ్చటనే మేము మొదట వేసిన ప్రశ్నకు సమాధానము లభించుచున్నది. వికీసోర్స్‌లోని ప్రతి పుటకును ఒక చరిత్రపుట కలదు. ఎవరు, ఏ తేదీన, ఏ అక్షరమును ఎట్లు మార్చిరో అందు నిలిచియుండును. పాత పాఠము చెఱిగిపోదు. ఎప్పుడైనను పోల్చి చూడవచ్చును. మెకంజీకి వేలమంది చెప్పిరి, కాని వారి పేర్లు నిలువలేదు. బ్రౌను పలు ప్రతులను పోల్పించెను, కాని నిర్ణయమునకు దారితీసిన అడుగులు అన్నియు నిలువలేదు. సురవరం వారు పేర్లను నిలిపిరి, కాని దిద్దుటకు అవకాశము లేదు. పేరు, పాఠభేదము, దిద్దుబాటు ఈ మూడును ఒక్కచోట నిలుచుట డిజిటల్ పద్ధతియందే మొదటిసారి సాధ్యమైనది. కొత్తదైన అంశము జనులు పాల్గొనుట కాదు. వారి పాత్రకు ఆధారము నిలుచుట.

5. చేయవలసిన పని

సాధ్యమగుట వేఱు, జరుగుట వేఱు. నేటి స్థితియందు మూడు కొఱతలు మాకు కనబడుచున్నవి.

మొదటిది, మౌఖిక సంప్రదాయమునకు చోటు లేకపోవుట. వికీపీడియా ప్రచురితమైన ఆధారమును కోరును. సొంత పరిశోధనమును అంగీకరింపదు. తప్పుడు వ్రాతలను అరికట్టుటకు ఈ నియమము అవసరమే. కాని దీని ఫలితముగా, మెకంజీ గుమాస్తా విన్న కరణపు మాటకు నేటి విజ్ఞానసర్వస్వమున తావు లేదు. అచ్చెక్కని జ్ఞానము జ్ఞానమే కాదన్నట్లగుచున్నది. 2011లో మలయాళ, హిందీ భాషలను, దక్షిణాఫ్రికాలోని సెపేది భాషను గ్రహించి, పెద్దల నోటి మాటను ధ్వనిముద్రణ చేసి ఆధారముగా చూపు ప్రయోగము ఒకటి జరిగినది. అది సార్వత్రిక నియమము కాలేదు. ఈ ఖాళీని పూరింపగలవి విశ్వవిద్యాలయ పత్రికలే. ఒక గ్రామవృద్ధుడు చెప్పిన స్థలపురాణమును చెప్పినవాని అంగీకారముతో, పేరు, ఊరు, తేదీలతో మన శాఖాపత్రికలు ప్రకటించినచో అది ఉదాహరింపదగిన ఆధారమగును. ఆచార్య బిరుదురాజు రామరాజు గారు 1958లో ప్రకటించిన తెలుగు జానపదగేయ సాహిత్యము మొదలుకొని మన శాఖలలో క్షేత్రసేకరణము గౌరవనీయమైన పరిశోధనమార్గమైనది. కాని విద్యార్థులు శ్రమపడి సేకరించిన మూలపాఠములు సిద్ధాంతవ్యాసముల చివర అనుబంధములుగా అణగియున్నవి. 2009 నిబంధనల వలన సిద్ధాంతవ్యాసములు డిజిటల్ రూపమున లభించుచున్నను, ఆ అనుబంధములను విడదీసి, సూచిక కూర్చి, ప్రకటించువారు కొఱవడియున్నారు.

రెండవది, హక్కుల విషయము. పంచుకొనుట మంచిదే యైనను పంచుకొను అధికారము ఎవరిదను ప్రశ్న కలదు. తెలంగాణమున పటము పఱచి కులపురాణములు చెప్పు కళాకారులకు ఆ కథయే జీవనాధారము. కూనపులివారు పద్మశాలీలకు మార్కండేయ పురాణమును చెప్పుదురు. ఏ ఊళ్లలో ఏ కుటుంబము కథ చెప్పవలెనో మిరాశీగా పంచుకొనియున్నారు. అట్టి కథను అంతయు చిత్రించి, చెప్పినవాని పేరైనను లేకుండ లోకమున వదలినచో, మనము రక్షించితిమని సంతోషించుచుండగా ఆతని జీవిక చెడవచ్చును. చట్టమున గ్రంథకర్తకు కల రక్షణము వంటిది సమూహపు సొత్తైన కథకు లేదు. కావున కథకుని అంగీకారము, అతడు విధించు హద్దులు, అతని పేరు సేకరణపు మొదటి పుటలోనే వ్రాయబడవలెను. లక్ష్మయ్యకు జరిగినది ఈ కథకులకు జరుగరాదు.

మూడవది, పనిచేయువారి కొఱత. ఎవరైనను పాల్గొనవచ్చునను ద్వారము తెఱచియున్నను, తెలుగు గ్రంథములను శ్రద్ధగా సరిచూచుచున్నవారు మిక్కిలి కొలదిమంది. వారిలో పెక్కురు ఇతర వృత్తులలో ఉండి, తీరిక సమయమున ఫలాపేక్ష లేక ఈ సేవ చేయుచున్నారు. ఛందస్సు తెలిసినవాడు యతిభంగమును బట్టి అక్షరదోషమును పట్టుకొనగలడు. వ్యాకరణము తెలిసినవాడు అరసున్న ఉండవలసిన చోటును చెప్పగలడు. ఈ విద్యలు మన శాఖలలో బోధింపబడుచున్నవి. స్నాతకోత్తర విద్యార్థి ఒక్కొక్కడు ఏడాదికి ఒక చిన్న శతకమును సరిచూచి, సందేహస్థలములను గుర్తించి, పాఠాంతరములను వ్రాసినచో అది పాఠపరిష్కరణమున చక్కని శిక్షణమగును. పుటచరిత్ర అతని శ్రమకు సాక్ష్యమగును. ఉపాధ్యాయుడు ఆ పుటచరిత్రనే చూచి అతని పనికి మార్కులు వేయవచ్చును. ఇందులకు కొత్త భవనములు, అధిక ధనము అక్కఱలేదు.

వ్రాతప్రతుల విషయమునను ఇట్టి ఆవశ్యకతయే కలదు. కేంద్రప్రభుత్వము 2003లో జాతీయ వ్రాతప్రతుల సంస్థను నెలకొల్పినది. 2025 బడ్జెటులో జ్ఞానభారతం అను పేర కోటికి పైగా వ్రాతప్రతులను లెక్కించి భద్రపఱచు పథకమును ప్రకటించినది. తెలుగునాట ఇండ్లలో, మఠములలో ఇంకను తాటాకు గ్రంథములు కలవు. వానిని యంత్రములు ఫోటో తీయగలవు. కాని ఆ గ్రంథము ఆ ఇంటికి ఎట్లు వచ్చినది, ఏ తాత వ్రాసినది, ఎవరు పఠించుచుండిరి అను సంగతులు ఆ ఇంటివారికే తెలియును. అవి అడిగి వ్రాసికొననిచో కోటి ప్రతులు చేరినను వాని వెనుకనున్న మనుష్యుల చరిత్ర చేరదు. ప్రతి యొకటి ఆ ఇంటివారికిని, ఆ ఊరి గ్రంథాలయమునకును తిరిగి ఇచ్చుట నియమముగా నుండవలెను.

పైన చెప్పినదాని సారాంశమిది. సాంస్కృతిక సంపదను జనులు ఏనాడును ఇచ్చుచునే యుండిరి. పుచ్చుకొన్నవారు ఇచ్చినవారి పేర్లను నిలిపినపుడు ఆ సంపద విశ్వసనీయమైన ఆధారమై నిలిచినది, నిలుపనపుడు సందేహాస్పదమైనది. డిజిటల్ సాధనము ఆ పేర్లను, పాఠభేదములను, దిద్దుబాట్లను శాశ్వతముగా నిలుపు అవకాశమును మన చేతికిచ్చినది. దానిని వాడుకొననిచో మనము కూర్చునది మెకంజీ కట్టలకంటె పెద్ద కట్ట మాత్రమే యగును. ఆ అవకాశమును వాడుకొను పని తెలుగు శాఖలదియే. ప్రతి శాఖయు తన పరిసర గ్రామములలో ఒక్కదానినైనను ఎన్నుకొని, ఆ గ్రామపు కైఫియత్తును నేటి పెద్దల మాటతో పోల్చి, చెప్పినవారి పేర్లతో ప్రకటించుట ఆరంభింపవలెనని మా విన్నపము.